ఈశాన్యంలో స్విచ్చు

నందిగామ దాటాక హైవే పక్కనున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, మెట్లెక్కగానే ఎడమ వైపు గదిలో, అద్దాల పెట్టెలో ఒక కంప్యూటరుంది. దానికి తెర లేదు, కీబోర్డు లేదు, మౌసు లేదు. ముందు వైపు రెండు వరసల స్విచ్చులు, వాటి పైన ఎర్రటి చిన్న దీపాలు, అంతే. పెట్టె కింద ఇత్తడి పలక మీద "యథాతథ పునర్నిర్మాణం" అని చెక్కించి, దాని కింద నా పేరు పెట్టారు. మీలో ఎవరైనా అటు వెళ్తే కంప్యూటర్ని తీరిగ్గా చూడండి, చూడదగ్గదే. పేరు మాత్రం చదవకండి. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో టెక్నీషియన్ని. ఎక్కువ కాలం జగ్గయ్యపేటలోనే. ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న మీకు తెలియకపోవచ్చు, ఒకప్పుడు ఫోన్లకి తీగలుండేవి, ఆ తీగలకి మనుషులుండేవాళ్లు. వందల తీగల్ని ఒక్కటి కూడా దారి తప్పకుండా మైనపు దారంతో జడల్లా అల్లి కట్టడం మా విద్య. రిటైరయ్యాక ఆ విద్యని అడిగేవాడు లేక, వీధిలో వాళ్ల మిక్సీలు బాగుచేస్తూ కూర్చున్నాను. అప్పుడు కాలేజీ వాళ్లు కబురు పెట్టారు.

ఆ కాలేజీ చైర్మన్ గారు అంతకు ముందు మిర్చి కోల్డ్ స్టోరేజీ నడిపినాయన. సరుకు మారింది గాని నడిపే పద్ధతి మారలేదు. ఆయన విదేశంలో ఏదో మ్యూజియంలో ఆ పాత కంప్యూటర్ని చూసి, దాని పక్కన ఫోటో దిగి, మన కాలేజీలో కూడా ఒకటి ఉండాలన్నారు. కాలేజీలకి మార్కులు వేసే కమిటీ వచ్చేలోగా ఉండాలన్నారు. అది దేనికి పనికొస్తుందో ఆయన అడగలేదు, చెబుదామని వెళ్లినవాళ్లని కూర్చోమననూ లేదు.

అదేమిటో రెండు ముక్కల్లో చెప్తాను. యాభై ఏళ్ల కిందట అమెరికాలో, ఇంట్లో సరదాకి ఎలక్ట్రానిక్స్ చేసుకునేవాళ్ల కోసం విడిభాగాలుగా పోస్టులో పంపిన కంప్యూటర్ అది. ఎవరికి వాళ్లు సోల్డరింగ్ చేసుకుని బిగించుకోవాలి. స్విచ్చు పైకి వేస్తే ఒకటి, కిందికి వేస్తే సున్నా. కుడి వైపు ఎనిమిది స్విచ్చులు సరిచేసి మధ్యలో ఒక మీట నొక్కితే ఒక ఆదేశం లోపలికి పోతుంది. రెండూ మూడూ కలపమని చెప్పడానికి ఇలా చాలాసార్లు చెయ్యాలి. జవాబు దీపాల్లో చదువుకోవాలి. కుడి చివరి దీపం ఒకటి, దాని పక్కది రెండు, ఆ పక్కది నాలుగు. ఐదు రావాలంటే కుడి నుంచి మొదటిదీ మూడోదీ వెలగాలి.

కాలేజీలో కంప్యూటర్ విభాగంలో డాక్టరేట్లు ఉన్నవాళ్లు నలుగురున్నారు. నలుగురిలో ఒక్కరి చేతి మీద కూడా సోల్డరింగ్ కాలిన మచ్చ లేదు. వాళ్లలో చిన్నాయన నాకొక ఉపాయం చెప్పాడు.

"లోపల అరచేయంత బోర్డు ఒకటి పెట్టేద్దాం సార్. దీపాలు వాటంతటవే వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. లోపల ఏముందో ఎవరు చూస్తారు?"

"నేను చూస్తానండి," అన్నాను. ఆ మాట అన్నందుకు వారం రోజులు నన్ను చూసి నేనే మురిసిపోయాను. ఆ మురిపెం సంగతి గుర్తుపెట్టుకోండి.

అసలు యంత్రం తెలిసినవాళ్లు మన వైపు ఎవరుంటారని వాకబు చేస్తే, పేటలోనే, మా ఇంటికి నాలుగు వీధుల అవతలే ఉన్నారని తెలిసింది. లెక్కల మాస్టారు. లెక్చరర్‌గా చేరకముందు, కుర్రతనంలో హైదరాబాదులో ఒక పరిశోధనా సంస్థలో పనిచేశారట. అక్కడికి వచ్చిన అలాంటి యంత్రాన్ని ఆయనే బిగించి, మూడేళ్లు ఆయనే నడిపారట. ఇప్పుడు ఆయనకి చూపు లేదు. నీటికాసుల జబ్బుతో రెండు కళ్లూ పోయి చాన్నాళ్లయింది. కొడుకు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, కోడలు బళ్లో టీచరు. పగలంతా మాస్టారు ఒక్కరే. అయినా ఎవరి సాయం లేకుండా మాత్రలు వేళ్లతో తడిమి వేసుకునేవారు. ఇంటి నుంచి లైబ్రరీ పక్క టీ హోటల్‌కి అడుగులు లెక్కపెట్టుకుంటూ రోజూ వెళ్లొచ్చేవారు. "మూడు వందల పన్నెండు అడుగులండి, వాన పడితే మూడు వందల ఇరవై," అని చెప్పేవారు.

ఆయన నాకు రెండు వస్తువులిచ్చారు. ఒకటి, తీగ తీగా గీసుకున్న పాత నోటుపుస్తకం. రెండోది ఆ యంత్రం మెదడనదగ్గ చిప్పు, పింగాణీది, దూదిలో చుట్టి కళ్లజోడు పెట్టెలో దాచింది. "ఆ పెట్టెకి ఇంక వేరే పనేముందండి," అన్నారు. ఇచ్చే ముందు ఒక్క షరతు పెట్టారు.

"ఉన్నది ఉన్నట్టు చేస్తానంటేనే తీసుకెళ్లండి. మెరుగులు దిద్దొద్దు. నాకు చూపు లేదు గాని, అది నా వేళ్లల్లో ఉందండి. వేళ్లకి తేడా తెలిసిపోద్ది."

మాటిచ్చాను. ఐదు నెలలు పనిచేశాను. ముందు ప్యానెల్‌ని అల్యూమినియం రేకు మీద నేనే కొలిచి, నేనే రంధ్రాలు వేసి చేశాను. లోపలి తీగలన్నీ మైనపు దారంతో కట్టాను. పూర్తయ్యాక ఆటోలో పేటకి తెచ్చి మాస్టారి బల్ల మీద పెట్టాను. ఆయన ముందు రెండు చేతులతో ఆ చివర నుంచి ఈ చివరకి తడిమారు. ఎడమ చివర పవర్ స్విచ్చు దగ్గర వేలు ఆగింది. "ఇక్కడే," అన్నారు. స్విచ్చులు పైకీ కిందికీ టకటకా వేసుకుంటూ పోయారు. చివరికి చెయ్యి తీసి అడిగారు.

"కుడి నుంచి ఒకటోది, మూడోది వెలిగాయాండీ?"

"వెలిగాయండి మాస్టారూ. ఐదు."

ఆయన ముఖం వెలిగిపోయింది. అప్పుడే కోడలు టీ తెచ్చి, "నన్నూ చూడనివ్వండి మావయ్య గారూ," అని వంగబోతే, "నువ్వు చూడక్కర్లేదమ్మా. ఈయన చెప్పారుగా," అన్నారు.

నా ఉద్యోగ జీవితంలో నాకు దక్కిన అతి పెద్ద గౌరవం అదే. ఏ ఆఫీసరూ అంత మాట అనలేదు.

ఇక సిద్ధాంతి గారి ప్రవేశం. ఆయన చైర్మన్ గారి ఆస్థాన వాస్తు సలహాదారు. కాలేజీలో ఆయన చెప్పందే మరుగుదొడ్డి తలుపు కూడా తెరుచుకోదు. యంత్రాన్ని దక్షిణపు గోడకి ఆనించి, ఉత్తరం చూస్తున్నట్టు పెట్టాం. సిద్ధాంతి గారు ఫోన్లో దిక్సూచి తెరిచి దాని చుట్టూ ప్రదక్షిణం చేశారు.

"దీనికి కరెంటు స్విచ్చు ఎక్కడండి?"

"ఎడమ చివరండి."

ఫోను అటు తిప్పి, ఇటు తిప్పి, కళ్లు పెద్దవి చేశారు. "ఈశాన్యం! ఈశాన్యంలో అగ్నా? ఎవరండి పెట్టింది?"

"అమెరికా వాళ్లండి."

"ఆ కంపెనీ ఉందా ఇప్పుడు?"

"లేదండి, ఎప్పుడో చేతులు మారిపోయింది."

"చూశారా!" అన్నారు చైర్మన్ గారి వైపు తిరిగి. చైర్మన్ గారు గంగిరెద్దులా తలూపారు. స్విచ్చు కుడి చివరకి వస్తే వాయవ్యమవుతుందట, దోషం పోతుందట.

నేను అన్నాను: "యంత్రాన్ని పడమర గోడకి మారిస్తే ఆ స్విచ్చే ఆగ్నేయంలోకి వస్తుందండి. అగ్ని ఆగ్నేయంలోనే ఉంటుంది. ఏమీ మార్చక్కర్లేదు."

సిద్ధాంతి గారు ఒక క్షణం ఆలోచించి నిజమేనన్నారు. కాని పడమర గోడ నిండా చైర్మన్ గారి నిలువెత్తు ఫోటో ఉంది. దాన్ని కదపమని అనగలిగినవాడు ఆ గదిలో లేడు. యాభై ఏళ్ల యంత్రాన్ని తిరగెయ్యడం తేలికనిపించింది వాళ్లకి.

నా రేకు బొమ్మ కంప్యూటర్లో ఎక్కించుకుని దాని మీద అక్షరాలు వేసింది నందిగామలో నేమ్ ప్లేట్లు చేసే కొట్టు. ఆఫీసు సూపరింటెండెంటు ఆ కొట్టుకి ఫోన్ చేసి, "ఎడమ వైపుది కుడికి రావాలంట," అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు. ఆ కొట్టాయన తన తెలివి కొద్దీ, ఆ బొమ్మ మొత్తాన్ని అద్దంలో చూసినట్టు తిప్పేసి, అక్షరాలు మాత్రం సరిచేసి, కొత్త ప్యానెల్ కోసి పంపాడు. పవర్ స్విచ్చు ఒక్కటే కాదు, అన్నీ తిరగబడ్డాయి. కుడి వైపు ఉండాల్సిన ఎనిమిది స్విచ్చులు ఎడమకి వచ్చాయి, దీపాల వరస కూడా ఎడమ నుంచి మొదలైంది. చూడ్డానికి మాత్రం నేను చేసిన రేకు కంటే నున్నగా, నిగనిగలాడుతూ ఉంది.

పట్టుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఎవరితోనూ గొడవ పెట్టుకోకుండా ఆ కుర్చీ దాకా వచ్చిన మనిషి.

"ఇది తప్పండి. అసలు దాంట్లో ఇలా ఉండదు."

"మీరు తీగలు దానికి తగ్గట్టు మారిస్తే పనిచేస్తదా, చెయ్యదా?"

"చేస్తదండి. కానీ..."

"చేస్తదిగా. ఇంక కానీ ఏంటండీ?" అని, బల్ల సొరుగులోంచి ఇత్తడి పలక తీసి నా ముందు పెట్టారు. "మీ పేరు కూడా చెక్కించాం. ఇంటి పేరు కరెక్టుగా పడిందో లేదో చూసుకోండి."

చూసుకున్నాను. కరెక్టుగానే పడింది. ముప్పై ఏళ్లు కట్టిన తీగల మీద ఎక్కడా నా పేరు లేదు. ఆ పలకని ఇటూ అటూ తిప్పి చూసి, ఇక నోరెత్తకుండా బయటికి వచ్చాను. రెండు రోజులు కూర్చుని తీగలన్నీ తిప్పి కట్టాను. "లోపల ఏముందో ఎవరు చూస్తారు" అన్న కుర్ర డాక్టరేటుని అంత వెటకారం చేసినవాణ్ణి, బయటే తిరగేస్తుంటే స్క్రూలు బిగించాను. వాళ్లందరినీ చూసి నవ్వేవాణ్ణి. నాకూ వాళ్లకూ తేడా ఒక పలక మందమేనని అప్పటికి తెలియలేదు.

ప్రారంభోత్సవానికి మాస్టార్ని పిలవాలన్నది నా ఆలోచనే. ఆయన చేత స్టేజీ మీద నడిపించాలన్నది చైర్మన్ గారి ఆలోచన. "చూపులేని పెద్దాయన కంప్యూటర్ నడిపితే పేపర్లో రంగుల్లో వేస్తారు," అన్నారు. అప్పటికి నా చేతిలో నాలుగు రోజులున్నాయి. మాస్టారింటికి నడిచి వెళ్లి, ఇలా తిరగబడింది, మీరు అలవాటు చేసుకోండి అని చెబితే సరిపోయేది. ఇవాళ కాదు రేపు అనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు చేస్తానన్న మాట తప్పానని చెప్పడానికి నోరు రాక, ఆ రేపుని ఆ రోజు దాకా తెచ్చాను.

ఆ రోజు కాలేజీ కారులో ఆయన్ని తీసుకురావడానికి నేనే వెళ్లాను. చిల్లకల్లు టోల్‌గేట్ దాటాక చెబుదామనుకున్నాను. ముందు సీట్లో సూపరింటెండెంటు పూలదండల బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వాడి ముందెందుకులే, దిగాక చెబుదామనుకున్నాను. మాస్టారు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి వేసుకున్నారు. దారి పొడుగునా ఆయన వేళ్లు మోకాళ్ల మీద కదులుతూనే ఉన్నాయి. స్విచ్చులు వేసుకుంటున్నారు.

"రాత్రి నిద్దరే పట్టలేదండి," అన్నారు నవ్వుతూ. "పెళ్లికి ముందు కూడా ఇంత కంగారు పడలా."

దిగాక చెప్పడానికి వీలు లేకపోయింది. మేళం వాళ్లు, ఫోటోల వాళ్లు, కమిటీ పెద్దలు. చైర్మన్ గారు రిబ్బను కత్తిరించి, కుడి చివర, వాయవ్యంలో స్విచ్చు వేశారు. చప్పట్లు. తర్వాత మైకులో మాస్టారి గురించి ఐదు నిమిషాలు మాట్లాడారు. అందులో నాలుగు నిమిషాలు కాలేజీ గురించి. మాస్టార్ని చెయ్యి పట్టుకుని యంత్రం ముందుకి నడిపించింది నేనే. ఆయన వేళ్లు స్విచ్చుల మీద ఆనించి, మెడ నా వైపు వంచి, నాకు మాత్రమే వినపడేలా అడిగారు.

"ప్యానెల్ అదేగా అండీ?"

చైర్మన్ గారు రెండడుగుల దూరంలో ఉన్నారు. ఇత్తడి పలక మీద ఇంకా తెర తియ్యలేదు.

"అదేనండి మాస్టారూ," అన్నాను.

ఆయన వేశారు. కుడి వైపు ఎనిమిది స్విచ్చులూ టకటకా వేసుకుంటూ, మధ్య మీట నొక్కుకుంటూ, ఒక్క తడబాటు లేకుండా వేశారు. పవరు ముందే వేసి ఉంది కనుక ఆ చివరకి చెయ్యి పోలేదు, తేడా తెలియలేదు. ఆయన వేస్తున్నవి ఇప్పుడు ఆ పనికి సంబంధం లేని స్విచ్చులు. ఆయన చెప్పింది ఒక్క ముక్క కూడా లోపలికి పోలేదు.

"వెలిగిందాండీ?"

"లేదండి."

మళ్లీ మొదటి నుంచి వేశారు, ఈసారి నెమ్మదిగా. వెలగలేదు. మూడోసారి పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటూ వేశారు. చొక్కా వీపంతా తడిసిపోయింది. నేను బెల్లం కొట్టిన రాయిలా పక్కన నిలబడ్డాను.

"పర్లేదు, పర్లేదు. పెద్దవాళ్లు, మర్చిపోతుంటారు," అని చైర్మన్ గారు మైకులో అని, అందరి చేతా చప్పట్లు కొట్టించారు. తర్వాత కుర్ర డాక్టరేటు వచ్చి, స్విచ్చుల కింద రాసినవి చదువుకుంటూ వేశాడు. ఐదు వెలిగింది. ఇంకా పెద్ద చప్పట్లు.

మాస్టారు ఆ చప్పట్లు విన్నారు. "అయితే మెషిను బానే ఉందన్నమాట," అన్నారు నాతో. "నేనే మర్చిపోయా."

తిరుగు ప్రయాణంలో ఆయన చేతులు ఒళ్లో కదలకుండా ఉన్నాయి. దిగేటప్పుడు నాకు థాంక్స్ చెప్పారు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. సిగ్గేసింది. అయినా వెళ్లి చెప్పలేదు.

నెల తిరిగాక కోడలు ఫోన్ చేసింది.

"బాబాయ్ గారూ, ఒకసారి వచ్చి మాట్లాడతారా? ఆ ఫంక్షన్ నుంచి వచ్చాక మావయ్య గారు గడప దాటట్లేదండి. టీకి కూడా వెళ్లట్లేదు. అడుగులు లెక్క తప్పుతున్నా, ఏ లారీ కిందో పడతానంటున్నారు. మాత్రలు కూడా నన్నే వెయ్యమంటున్నారు. తన బుర్ర మీద తనకి నమ్మకం పోయిందంటున్నారండి. మీ మాటంటే ఆయనకి గురి."

నా మాటంటే గురి. ఆ ముక్క విన్నాక ఇంట్లో కూర్చోలేకపోయాను.

మర్నాడు కాలేజీకి వెళ్లాను. గది తాళం తీయించడానికి గంట పట్టింది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ప్రారంభోత్సవం రోజు కట్టిన బంతిపూలు ఎండిపోయి అద్దాల మీద వేలాడుతున్నాయి. రిపేరని కాగితం రాసి గేటు దగ్గర ఇచ్చి, యంత్రాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. నా అల్యూమినియం రేకు మంచం కింద అలాగే ఉంది. నిగనిగలాడే ప్యానెల్ పీకేసి, తీగలన్నీ మళ్లీ తిప్పి, మైనపు దారంతో కట్టాను. ఇప్పుడు అద్దాల పెట్టెలో ఉన్నది అదే, అసలుది. స్విచ్చు మళ్లీ ఈశాన్యంలోకి వచ్చింది. చైర్మన్ గారు గాని, సిద్ధాంతి గారు గాని, నలుగురు డాక్టరేట్లు గాని ఇప్పటి దాకా కనిపెట్టలేదు. కాలేజీకి ఏ అరిష్టమూ రాలేదు, కమిటీ మార్కులు కూడా బాగానే వేసిందట.

పెట్టెలో పెట్టేముందు యంత్రాన్ని మాస్టారింటికి తీసుకెళ్లాను. బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే చెప్పాను.

"ఆ రోజు మీరేం మర్చిపోలేదండి మాస్టారూ. ప్యానెల్ తిరగేసారు. వాస్తు అని చెప్పి అద్దంలో బొమ్మలాగ మొత్తం తిప్పేసారు. మీరు వేసిందంతా కరెక్టేనండి."

ఆయన నా గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పారు.

"తీగలు ఎవరు మార్చారండి?"

"నేనేనండి."

"నేను మిమ్మల్ని అడిగా. ప్యానెల్ అదేనా అని."

"అడిగారండి."

"అదేనన్నారు."

"అన్నానండి."

తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు. కుర్చీ ముందుకి జరుపుకుని యంత్రం మీద చేతులు వేశారు. ఎడమ చివర స్విచ్చు దగ్గర వేలు ఆగింది. ఈసారి ఏమీ అనలేదు. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఊపున వేసి చెయ్యి తీశారు. ఎర్రగా రెండు దీపాలు వెలిగాయి.

"ఐదొచ్చిందండి మాస్టారూ," అన్నాను. "కుడి నుంచి ఒకటి, మూడు."

ఆయన ముఖంలో మార్పేమీ లేదు. వంటింటి వైపు తల తిప్పారు.

"అమ్మా, ఒకసారి ఇటొచ్చి చూసి చెప్పు, ఏవి వెలుగుతున్నాయో."

ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేను పక్కకి జరిగాను. ఆమె వంగి, వేలు పెట్టి కుడి నుంచి లెక్కపెట్టింది. "ఒకటోది, మూడోది, మావయ్య గారూ."

అప్పుడు నవ్వారాయన. నవ్వి, చెప్పుల కోసం కాళ్లతో నేల తడుముకున్నారు. "టీ తాగొస్తానమ్మా," అన్నారు. నేను చెయ్యి అందించబోయాను. నా చెయ్యి పక్కకి తోసి, గడప దగ్గర నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ వీధిలోకి వెళ్లిపోయారు.